డెబ్బై ఐదు శాతం నీడ

మా స్పోకెన్ ఇంగ్లీష్ మేడమ్‌కు ఒక నియమం ఉండేది. రోజుకు ఒకే మాట. ఆ మాటకున్న అర్థాలన్నీ ఆ రోజే చెప్పేయాలి, మర్నాడు మళ్లీ దాని మొహం చూడకూడదు. 'బ్రేక్' అట్లాగే ఒక్క రోజులో అయిపోయింది. 'రన్' కొంచెం ఏడిపించినా గంటలో లొంగింది. 'షాడో' మాత్రం మూడు రోజులు తిన్నది. అందులో ఒక రోజు పూర్తిగా నా తప్పే.

క్లాసు చేవెళ్ల బస్టాండ్ దగ్గర, ఒక మందుల షాపు మీది మేడ గదిలో జరిగేది. మేడమ్ మొయినాబాద్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, బస్సు దిగి నేరుగా మా దగ్గరికి వచ్చేవారు. ఆ రోజుల్లో గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తున్నాయి. ఊళ్లో డిగ్రీ పాసైన ప్రతివాళ్లకూ ఆ అద్దాల వెనక ఒక కుర్చీ ఖాళీగా ఉందని, మధ్యలో అడ్డం ఇంగ్లీష్ ఒక్కటేనని అందరిళ్లల్లో నమ్మకం. మా ఇంట్లో ఆ నమ్మకం ఇంకా గట్టిది. మా అక్క అప్పటికే అక్కడ చేరి ఏడాది దాటింది మరి.

నాకు ఆ కుర్చీ వద్దు. నాకు మా షాపు కావాలి.

మాది బజారులో వ్యవసాయ సామాన్ల షాపు. డ్రిప్పు పైపులు, స్ప్రేయర్లు, తాళ్లు, పూలతోటల మీద నీడ కోసం వలలా కట్టే పచ్చ జాలి, ఇవన్నీ అమ్ముతాం. ఆరో క్లాసు నుంచీ బడి వదలగానే నేను అక్కడికే పరుగెత్తేదాన్ని. ఏ పైపుకు ఏ జాయింటు పడుతుందో నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. కానీ ఆడపిల్ల షాపులో కూర్చోవడమంటే బాపుకు నచ్చేది కాదు. "అక్క తీరుగ నువ్వు గూడ ఏసీల కూసోవాలె బిడ్డా. గీ దుమ్ముల నీకేం పని?" అనేవాడు. అక్క చేత వాళ్ల కంపెనీలో నా పేరు కూడా ఇప్పించాడు. ఇంటర్వ్యూకు రెండు వారాలే టైముంది. వద్దని బాపు మొహం మీద చెప్పే ధైర్యం లేక, రోజూ సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని మేడ మెట్లెక్కుతున్నాను.

'షాడో' మొదటి రోజు మేడమ్ మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లి ఎండలో నిలబెట్టారు. మన వెనకాల నేల మీద పడేది షాడో అనీ, ఎండకు ఓర్వలేక పోయి కూర్చునేది షేడ్ అనీ, తెలుగులో రెండింటికీ నీడ అంటే సరిపోతుంది కానీ ఇంగ్లీష్‌లో కలిపితే నవ్వుతారనీ చెప్పారు. అక్కడితో ఆగితే ఆ రోజు గడిచిపోయేది. నేను చెయ్యెత్తాను. "మేడమ్, షేడ్‌కు పర్సెంట్ ఉంటది" అన్నాను. "పర్సెంటా?" అన్నారావిడ. అంతే, నాకు పూనకం వచ్చింది. యాభై శాతం జాలి సగం ఎండను ఆపుతుందని, డెబ్బై ఐదు శాతం జాలి నాలుగింట మూడు వంతులు ఆపుతుందని, నర్సరీ మొక్కలకు ఏది, పూలకు ఏది, అన్నీ చెప్పుకుపోయాను. షేడ్ మేం మీటర్ల లెక్కన అమ్ముతామనీ, షాడో మాత్రం ఊరికే వస్తుందనీ ముగించేసరికి టైమైపోయింది. మేడమ్ నవ్వి, మిగతా అర్థాలు రేపు చూద్దామన్నారు.

రెండో రోజు ఆ మిగతా అర్థాలు వచ్చిపడ్డాయి. అనుమానంలో కూడా షాడో ఉంటుందట. దుఃఖం వచ్చి ఇంటి మీద షాడో వేస్తుందట. ఆడవాళ్లు కనురెప్పలకు పూసుకునేదీ షాడోనే, మగవాళ్లకు సాయంత్రానికి మొలిచే గడ్డమూ షాడోనే. పిరికివాడు తన షాడోను చూసి తానే జడుసుకుంటాడన్నారు. ఒక్కొక్కరూ ఒక సొంత వాక్యం రాయాలి. ఒకబ్బాయి లేచి, మా మేనమామకు తన షాడో అంటేనే భయం అని గట్టిగా చదివాడు. కింద మందుల షాపులో కూర్చున్నది ఆ మేనమామేనని మేమందరం గుర్తుచేశాక గొంతు తగ్గించాడు. నా పక్కనమ్మాయికి 'వితౌట్ ఎ షాడో ఆఫ్ డౌట్' తెగ నచ్చేసింది. వాళ్లింట్లో ఆ రోజు వంకాయ కూర అన్న సంగతి కూడా దాంతోనే చెప్పింది.

నేను రాసింది ఒకటే ముక్క. 'ఐ లివ్ ఇన్ మై సిస్టర్స్ షాడో.'

ఉన్నమాటే రాశాను. మా బజారులో నా పేరుతో ఎవరికీ పని పడలేదు, సాఫ్ట్‌వేర్ పిల్ల చెల్లె అంటే చాలు. బాపు పైపులు కోస్తూ కూడా గిరాకీలకు అదే చెప్పేవాడు. "మా పెద్దబిడ్డ రోజు అమెరికావోళ్లతోని ఫోన్ల మాట్లాడుతది." వచ్చినవాడు మోటారు బెల్టు కోసం వచ్చినా సరే, ఆ మాట వినకుండా బయటికి పోలేడు. మేడమ్ నా వాక్యం కింద ఎర్ర ఇంకుతో 'వెరీ గుడ్' అని రాశారు. నాకు ఒళ్లు మండింది.

మూడో రోజు షాడోను క్రియ చేశారు. దొంగ వెనకాల పోలీసు నడవడమూ అదే, కొత్తగా చేరిన ఉద్యోగి పాత ఉద్యోగి పక్కన కూర్చుని పని చూడటమూ అదే. అది నేను సరిగ్గా వినలేదు. శనివారం కదా, అక్క వస్తుందని మనసు ఇంటి మీద ఉంది.

అక్క మాదాపూర్‌లో హాస్టల్‌లో ఉండి, వారానికోసారి వచ్చేది. ఆ సాయంత్రం నేను అట్లు పోస్తుంటే, పీట మీద కూర్చుని నా నోటుబుక్కు తిరగేసింది. ఎర్ర ఇంకు దగ్గర ఆగింది.

"గిది నిజమేనానే?"

"ఉత్తగ రాసినక్కా. ఎగ్జాంపుల్ అడిగితె."

అక్క ఆ ఎర్ర ఇంకు మీద వేలు పెట్టింది. తర్వాత, "ఇంగోటి రాసుకో. ఐ యామ్ ఎ షాడో" అంది.

నాకెంత తెలివంటే, వెంటనే తప్పు పట్టాను. మనిషి ఉత్త షాడో కాదనీ, ఎవరి షాడోనో కూడా చెప్పాలనీ అట్లకాడ ఊపుతూ క్లాసు పీకాను. అక్క నవ్వి ఇంకో అట్టు అడిగింది.

మర్నాడు పొద్దున్నే మొయినాబాద్ నుంచి ఒక పటేల్ జీపు వేసుకుని షాపు ముందు దిగాడు. ఆయనకు ప్లాస్టిక్ పందిరి కింద జెర్బెరా పూలతోట ఉంది. ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒకసారి వచ్చి, పందిరి లోపల కట్టడానికి జాలి తీసుకెళ్లాడు. ఖరీదైన మొక్కలకు పలచటి జాలి ఏంటని, "అన్నిట్ల గట్టిది ఇయ్యి సేటూ" అని డెబ్బై ఐదు శాతానిది పట్టుబట్టాడు. యాభై చాలు కాకా, పూలకు వెలుతురు కావాలె అని నేను ఆ రోజే అన్నాను. "గిరాకీ అడిగింది ఇయ్యాలె, పాఠాలు చెప్పొద్దు" అని బాపు నన్ను లోపలికి పంపేశాడు.

ఇప్పుడు పూలు రావడం లేదట. మొక్కలిచ్చిన కంపెనీ తరఫున హాలండ్ నుంచి ఒక నిపుణుడు వచ్చి తోటలో ఉన్నాడట. ఆయన మాట తెలుగులో చెప్పాల్సిన మనిషికి జ్వరం. "నీ పెద్దబిడ్డను జర తోలియ్యి సేటూ. గాయన ఏమంటుండో సమజైతలేదు" అన్నాడు పటేల్. బాపు మొహం వెలిగిపోయింది. అక్క మొహం ఎట్లా ఉందో నేను చూడలేదు. తోట చూడొచ్చన్న సంబరంలో నేను కూడా జీపెక్కాను.

పందిరిలో అడుగుపెట్టగానే నాకు సంగతి అర్థమైంది. పట్టపగలు లోపల మబ్బు పట్టినట్టు ఉంది. కాడలు సన్నగా సాగి, ఉన్న నాలుగు పూలూ తలలు వేలాడేశాయి. టోపీ పెట్టుకున్న ఆ పొడవాటాయన ఒక కాడను వేళ్ల మధ్య పట్టుకుని, ఈ జాలి ఎన్ని శాతం, ఎవరు కట్టమన్నారు అని అక్కను అడిగాడు. మామూలు ప్రశ్నే. నాకే అర్థమైంది.

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. ఆయన నెమ్మదిగా మళ్లీ అడిగాడు. అక్క కుడిచేతి బొటనవేలు, కనిపించని మీటను నొక్కుతున్నట్టు చూపుడువేలి మీద అదేపనిగా కదులుతోంది. పటేల్ అక్క వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. నేను ఆగాను. నిజంగానే ఆగాను. కానీ ఆ పూల అవస్థ చూస్తూ ఎంతసేపని ఆగను?

"సర్, దిస్ నెట్ సెవెంటీ ఫైవ్. టూ మచ్ షేడ్. వీ సోల్డ్, అవర్ మిస్టేక్. రిమూవ్, పుట్ ఫిఫ్టీ. ఫ్లవర్ విల్ కమ్ వితౌట్ ఎ షాడో ఆఫ్ డౌట్!"

ఆయన తల వెనక్కి వేసి నవ్వాడు. నా చెయ్యి పట్టుకుని ఊపి, ఇంకా నాలుగు ప్రశ్నలు అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీష్‌తో నాలుగింటికీ చెప్పాను.

"ఏమంటుండు బిడ్డా?" అన్నాడు పటేల్.

"జాలి మార్చాల్నంట కాకా. తప్పు మాదే. మేమే మారుస్తం."

బాపును అడగకుండా ఇచ్చిన మాట అది. అయినా భయం వేయలేదు. తిరుగు దారిలో జీపులో నాకు గాల్లో తేలినట్టుంది. అక్క బయటికి చూస్తూ కూర్చుంది. కుళ్లుకుంటోంది అనుకున్నాను. దాచడమెందుకు, ఆ అనుకోవడం నాకు హాయిగా కూడా అనిపించింది.

షాపులో నలుగురైదుగురు రైతులున్నారు. పటేల్ వాళ్ల ముందే గొంతెత్తి చెప్పాడు. "సేటూ, నీ పెద్దబిడ్డ నోరు తెర్వలే. చిన్నది మాత్రం గడగడ మాట్లాడింది. ఆయనతోని చెయ్యి కలిపిచ్చుకున్నది!"

బాపు నన్ను చూసి మురిసిపోబోయి, అక్క వైపు తిరిగాడు. "గదేంది బిడ్డా? రోజు అమెరికావోళ్లతోని మాట్లాడుతవు గద?"

అప్పుడు చూశాను అక్క మొహం. నాకు జాలేసింది. "జీపుల తలనొప్పి లేసింది బాపూ..." అని నేనే అబద్ధం మొదలుపెట్టాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తలనొప్పి కాదు బాపూ. నేను ఎవ్వలతోని మాట్లాడ. ఆఫీసుల నన్ను షాడో అంటరు. ఒక సీనియర్ పక్కన కూసొని ఆమె చేసేది చూసుడే నా పని. మూడు నెలలే అన్నరు, ఏడాది దాటింది. అమెరికావోళ్లకు నేనొకదాన్ని ఉన్నట్టే తెల్వది. ఫోన్ కలిసిందంటే మ్యూట్ నొక్కి కూసోవాలె. ఇయ్యాల ఆయన అడిగితే అన్ని సమజైనయ్, నోట్లకెంచి మాటనే రాలే." గుక్క తిప్పుకుంది. "చెల్లెను ఇంటర్వ్యూకు పంపకు. దానికి షాపు ఇష్టం, నీకు భయపడి చెప్తలేదు. గీడ దానికి మాట ఎట్ల వస్తదో పటేల్‌ను అడుగు."

షాపు మొత్తం వింటోంది. ఈ మాట తెల్లారేసరికి బజారంతా తిరుగుతుందని అక్కకు తెలుసు. తలనొప్పి అని ఊరుకుంటే పోయేది. నా కోసం ఊరుకోలేదు. జీపులో నేను అనుకున్నదంతా గుర్తొచ్చి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బాపు కోపం చేస్తాడనుకున్నాం. పరువు తీశావంటాడనుకున్నాం. ఆయన చేతిలోని కొలత టేపు పక్కన పెట్టి, బల్ల చుట్టూ తిరిగి అక్క దగ్గరికి వచ్చాడు.

"అయితే ఏడాది సంది ఎవ్వలతోని మాట్లాడకుంట కూసున్నవా బిడ్డా?" అన్నాడు.

పొద్దుటి నుంచీ ఏడవని అక్క అప్పుడు ఏడ్చింది. పటేల్ బయటికి పోయి, అవసరం లేకపోయినా పైపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మిగతా వాళ్లు కూడా ఒక్కొక్కరే మెట్లు దిగారు.

సోమవారం పొద్దున ముగ్గురం బస్టాండుకు వెళ్లాం. ఎప్పుడూ అక్కను ఎక్కించి వెనక్కి తిరిగే బాపు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బస్సు రాగానే షట్టర్ తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. ఇంటర్వ్యూ ఊసే ఎత్తలేదు. "పటేల్ జాలి వాపసు పంపుతడు, దింపిచ్చుకో. నేను దీనితోని ఆఫీసు దాక పోయొస్త" అని అక్క వెనకాలే బస్సెక్కాడు.

అక్క కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేలోపే చేతులు తిప్పుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. బాపు ఆమె వైపు ఒరిగి వింటున్నాడు. మొయినాబాద్ రోడ్డు మలుపు తిరిగేదాకా అక్క చెబుతూనే ఉంది.