ఉపవాసం ఉన్న చేపలు

కైరోలోని షుబ్రాలో అందరూ ఉస్తా, అంటే మేస్త్రీ, అని పిలిచే మంగలి రిఫాత్ పొద్దున్నే గీసే మొదటి గడ్డం మనిషిది కాదు, తన చేపల తొట్టిది. కత్తికి కొత్త బ్లేడు తొడిగి, చొక్కా చేతిని భుజం దాకా మడిచి, చెంప మీద ఎంత వాలుగా పెడతాడో అంతే వాలుగా గాజు లోపలి నాచును గీకుతాడు. అది తెగకుండా ఒకే పొరగా లేచివస్తే మీసాల్లో నవ్వుకుంటాడు. తర్వాత సన్న కత్తెరతో మొక్కల కుళ్ళిన ఆకులు కత్తిరించి, మూడోవంతు నీళ్ళు మారుస్తాడు. తొట్టి దీపాన్ని ఆరు గంటలకు మించి వెలగనివ్వడు. ఇంత చేసినా వారం తిరిగేసరికి నీళ్ళు పచ్చబడేవి. నాచు కప్పేసి మొక్కలు రెండుసార్లు చచ్చాయి. తప్పు ఎక్కడుందో అతనికి తెలుసు. షాపుకొచ్చే జనం మరో ప్రాణి ఎదుట ఒంటరిగా తినలేరు. తమ రొట్టెలో ఓ ముక్క తొట్టిలో వేస్తారు, అది కుళ్ళి నాచుకు ఎరువవుతుంది. వద్దంటే పిసినారి అంటారు.

మొన్న ముసలి హాజీ బయూమీ నువ్వుల రొట్టె తుంచి తొట్టి మీదికి చెయ్యి చాపాడు. ఎవరికో గడ్డం గీస్తున్న రిఫాత్ అద్దంలోంచే చూశాడు.

"వద్దు హాజీ, అవి ఉపవాసం ఉన్నాయి."

"రంజాన్ వెళ్ళి ఐదు నెలలైంది కదయ్యా!"

"అప్పుడు తప్పిన రోజులు ఇప్పుడు తీర్చుకుంటున్నాయి."

ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఉపవాసం చెడగొట్టడం ఆయన వల్ల కాదు. రొట్టె జేబులో వేసుకుని, గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసి, ఒక్కసారిగా అరిచాడు. "ఉస్తా! ఈ నల్లది దొంగచాటుగా నాచు గీక్కుని తింటోంది!"

రిఫాత్ కత్తి ఆగలేదు.

"అది ప్రయాణంలో ఉంది హాజీ. ప్రయాణికులకు మినహాయింపు ఉందిగా!"