గోడ మీద ఐదు చేతులు

నా చిన్నప్పుడు మా వీధిలో కంబళి టోపీ కుట్టినప్పుడల్లా ముందు నా తల కోసం వెతికేవాళ్లు. పక్కింటి అక్క తన మొదటి టోపీని నా తలకే సరిచూసి కుట్టింది. కురబలకోట పక్కన మా ఊళ్లో గొర్రెల కాపరులు వానొస్తే కంబళిని మడిచి నెత్తిన వేసుకుంటారు. అక్క ఆ మడతనే పిల్లలకు తగ్గట్టు కత్తిరించి, మెడ కింద ముడివేసుకోవడానికి తాడు పెట్టింది. అంతకుముందు అలాంటిది ఎవరూ కుట్టలేదు. హార్స్లీ హిల్స్ మీద అంగడి పెట్టుకున్న పుంగనూరు ఆయన దాన్ని చూసి, చలి సంగతి తెలియక కొండెక్కే వాళ్ల పిల్లలకు ఇవి బాగా అమ్ముడుపోతాయని, ఒక మూటెడు కుట్టి పంపమని అన్నాడు.

అన్ని టోపీలు ఒక్క మనిషి కుట్టేవి కావు. అక్క మరో నలుగురు ఆడవాళ్లను కూడగట్టింది. వాళ్లలో మా అమ్మ ఉంది. మా నాయన పోయి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. ఇంట్లోనుంచి బయటికి రావడమే మానేసిన మనిషి అక్క వాళ్ల పంచలో కత్తెర పట్టుకుని కూర్చున్న పూట, ఎవరో ఏదో అంటే నవ్వింది. ఆ నవ్వు కోసమే నేను బడి వదలగానే అక్కడికి పరుగెత్తేదాన్ని.

కొలత ఏమిటని అడిగితే అక్క నోటితోనే చెప్పింది. రెండు జానల పొడవు, జానా బెత్తెడు వెడల్పు. మా ఊళ్లో గుడ్డకైనా, చెట్టు నాటే గుంతకైనా జానలూ బెత్తెలే కొలత. ఎవరికీ అనుమానం రాలేదు.

కొండెక్కిన మూట కొద్దిరోజులకే దిగివచ్చింది. అంగడాయన టోపీలను పంచలో కుప్పపోసి, నన్ను నిలబెట్టి ఒక్కొక్కటే తొడిగాడు. ఒకటి కళ్లు కప్పేసింది. ఒకటి చెవుల దాకా కూడా దిగలేదు.

"ఏందమ్మా ఇది? ఒగటి సిన్న దుత్తకు, ఒగటి పెద్ద బానకు కుట్టినారా? ఈసారి అన్నీ ఒగే మాదిరి ఉంటే తీసుకుంటా. లేదంటే నాకొద్దు" అని వెళ్లిపోయాడు.

కుట్టేవాళ్లందరిలోకీ పెద్దది వీధి చివరింటి అవ్వ. ఆమె సూది పక్కన పెట్టింది. "నేను ఆ పొద్దే అనుకున్యా. తొలి కత్తెర ఎవురు పెట్టినారో సూడండి. మొగుడు పోయిన చెయ్యి పడినాక బాగుపడతాదా?"

అమ్మ కత్తెర కింద పెట్టేసింది. అక్క తల వంచుకుని, తిరిగొచ్చిన టోపీలను మడత పెట్టసాగింది. రేపటి నుంచి అమ్మను రావద్దంటారు. అమ్మ మళ్లీ ఆ చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకుంటుంది.

మా నాయనకు నాయన, మా జేజినాయన, అరుగు మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. గ్రహణం పూట నడివీధిలో కూర్చుని సంగటి తినే మనిషి ఆయన. అవ్వను కడిగేస్తాడని ఎదురుచూశాను. ఆయన లేచి వచ్చి, అవ్వ వైపు చెయ్యి చూపి, "వదిన చెప్పింది నిజమే. దోషం ఉండాది. ఏ చేతిలో ఉండాదో ఈ పొద్దే తేలుస్తా" అన్నాడు.

గడపలకు పూసే జాజు ఎర్రమన్ను తెప్పించి నీళ్లలో కలిపాడు. సున్నం కొట్టిన గోడ మీద బొగ్గుతో అడ్డంగా ఒక గీత గీశాడు. ఒక్కొక్కరినీ చెయ్యి ముంచి, వేళ్లు బాగా చాపి, ఆ గీత మీద మణికట్టు ఆనించి అద్దమన్నాడు. అవ్వ ముందుగా, ధీమాగా అద్దింది. అమ్మ వంతు చివర వచ్చింది. అచ్చు పడ్డాక చూస్తే అందరికంటే అమ్మదే చిన్నది. తేడా వచ్చింది, దొరికిపోయింది అనుకున్నాను.

ఎవరి కుట్టు ఏదో అక్కడ అందరికీ తెలుసు. అప్పుడు జేజినాయన ఎవరు కుట్టిన టోపీని వాళ్ల అచ్చు కింద మేకు కొట్టి తగిలించాడు. ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పెద్ద చేతి కింద పెద్ద టోపీ, చిన్న చేతి కింద చిన్న టోపీ. అన్నిటికంటే పెద్దది అవ్వది. నా కళ్లు కప్పేసింది అదే.

"సూడమ్మా," అన్నాడు అక్కతో. "నీ టోపీ కొలత ఇంకా నీ చేతిలోనే ఉండిపోయిండాది. దాన్ని బయటికి తియ్యి."

కిరసనాయిలు డబ్బా రేకును చదును చేసి, అక్క మొదటి టోపీ కుట్లు విప్పి, ఆ తునకలను దాని మీద పరిచి, గీతలు గీసి కత్తిరించారు. ఆ రేకు పెట్టి తొలి కత్తెర వెయ్యమని జేజినాయన అమ్మకే ఇచ్చాడు. నాకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. ఈ మూట కూడా తిరిగొస్తే అమ్మకు ఇక ఆ ఊళ్లో ఏ పనీ దొరకదు.

ఇంటికి నడుస్తూ అమ్మ అడిగింది. "మామా, అందరివీ ఒగే మాదిరి ఉండి నాది ఒగటే తేడా వచ్చింటే?"

"జాజు తెచ్చే లోపలే టోపీలు పక్కపక్కన పెట్టి సూసుకున్యాలేమ్మా."

"ముందే తెలిసింటే నోటితో చెప్పకూడదా? నన్ను యాల ఆడ నిలబెట్టినావు?"

"నోటితో చెబితే వింటారా వాళ్లు?" అన్నాడాయన. అమ్మ గబగబా మాకంటే ముందు నడిచింది. ఆయన ఇల్లు చేరేదాకా తల ఎత్తలేదు.

అంగడాయన మళ్లీ వచ్చి నా తలకు ఒక్కొక్క టోపీ తొడుగుతుంటే, ఉన్ని వాసనలో కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాను. తెరిచేసరికి మూట కట్టుకుంటున్నాడు. అవ్వ తన మాట ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. కానీ ఆ రేకు పెట్టకుండా కత్తెర కూడా ఎన్నడూ వెయ్యలేదు.

ఇప్పుడు కుప్పం నుంచీ మదనపల్లె నుంచీ సొంతంగా వస్తువులు రూపొందించే పిల్లలు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. ఒకటి చక్కగా చేస్తారు, వంద చెయ్యాలంటే తడబడతారు. చదువుకున్నవాళ్లే, అయినా సరుకు తిరిగొస్తే ముహూర్తం అంటారు, దిష్టి అంటారు, లేదా ఫలానా ఆమె చెయ్యి మంచిది కాదంటారు. నాకు ఇప్పటికీ కోపం ఆగదు. రేకు ఏదీ అని గట్టిగానే అడుగుతాను. కానీ పనిచేసే ఏ మనిషినీ పదిమంది ముందు నిలబెట్టి ఏదీ రుజువు చెయ్యను. తప్పు లేదని తేల్చడానికైనా సరే. గోడ మీద అన్నిటికంటే చిన్నదైన ఆ జాజు చెయ్యి నన్ను అలా చెయ్యనివ్వదు.