లక్ష్మీదేవక్క ఎర్రకారు మొరాయించిన సంగతి

మణికొండలో నన్నెరగనివాళ్లు లేరు. ఇంజనీరింగ్ మధ్యలో నేను కాలేజీ మానేస్తే ప్రిన్సిపాల్ బెంగతో అన్నం మానేశాడని జనం చెప్పుకుంటారు. చెప్పింది నేనే అనుకోండి. కానీ ఈ కథ నాది కాదు, మా లక్ష్మీదేవక్కది.

అక్కది ఆళ్లగడ్డ. భర్త పోయాక ఇక్కడికొచ్చి, ఒక షట్టర్ గది కిరాయికి తీసుకుని కర్రీ పాయింట్ పెట్టింది. ఆమె గోంగూర పప్పు వాసనకు హైటెక్ సిటీలో కంప్యూటర్లు వాటంతటవే లాగౌట్ అవుతాయి. తిననివాళ్లు ఈ మాట నమ్మరు. బోరబండలో ఖాళీగా తిరిగే నన్ను, పని అడిగిన ప్రతిచోటా "చదువెందుకు మానేశావ్?" అనేవాళ్లు. అక్క మాత్రం "తిన్న్యావా?" అంది. తిన్నాక, ఆఫీసులకు క్యారియర్లు మోసే పనిచ్చింది. ఆ ముద్ద ఇప్పటికీ అరగలేదు నాకు.

నేను రాకముందు ఆ క్యారియర్లు అక్కే మోసేది. ఆటో కోసం ఎండలో నిలబడి, రయ్యిమని పోయే రెండు తలుపుల కార్లను చూస్తూ, ఎప్పటికైనా ఒకటి కొనాలనుకుందట. ఈ ఏడాది కొనేసింది. ఎర్రది, సరికొత్తది. పూజ అవ్వగానే ఒక ఆజ్ఞ కూడా జారీ చేసింది.

"కారంటే లచ్చిందేవి. చెప్పులిప్పి ఎక్కాల. నీ బూట్లు మాత్రం డిక్కీలో పడేయ్ శివా. ఆ కంపు లోపలుంటే లచ్చిందేవి దిగి పోతాది."

తన చెప్పులు కాళ్ల పక్కనే పెట్టుకుని, ఒట్టికాళ్లతో నడిపేది.

కొన్నాళ్లకే బండి మొరాయించడం మొదలుపెట్టింది. గ్రీన్ సిగ్నల్ పడుతుంది, అక్క ఎక్సలేటర్ తొక్కుతుంది, అది కదలనంటుంది. కాసేపటికి మళ్లీ మామూలే. సర్వీస్ సెంటర్ వాళ్లు నడిపి చూశారు, కంప్యూటర్ తగిలించి చూశారు, ఏ లోపమూ లేదన్నారు. నేను నడిపితే కేబుల్ బ్రిడ్జి మీద గాలి పక్కకు జరిగి నాకు దారిచ్చింది.

"బండికి డ్రైవర్ నచ్చాలక్కా."

"నీకు పప్పులో నెయ్యి ఎక్కువైంది."

అట్లా నవ్వుకున్నాం. కానీ ఒక మధ్యాహ్నం గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కుతూ, సరిగ్గా లారీ ముందుకొచ్చాక ఊపందుకోకుండా ఆగిపోయింది. లారీ ఆయన బ్రేకు తొక్కబట్టి అక్క బతికింది. అది విని అక్క తమ్ముడు గిరీష్ "కూరలమ్మేటోళ్లకు ఇట్లాంటి బండ్లెందుకక్కా" అని, నల్లగండ్లలో వినయ్ అనే కుర్రాణ్ణి కొనడానికి ఒప్పించేశాడు.

తమ్ముడి మాటకు కాదు, అక్క మాటకు నా ప్రాణం ఉసూరుమంది. "నాకే చాతగాలేదేమో శివా."

ఆదివారం పొద్దున బండి అప్పగించడానికి బయల్దేరితే, ఆఖరిసారి తనే నడుపుతానంది అక్క. నలుగురూ చూడాలని అద్దం దించుకుని పక్కన కూర్చున్నాను. వినయ్ వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. గేటు తీశాక తొక్కితే, బండి గుర్రుమంది గానీ కదల్లేదు. ఎదురుగా వినయ్ చూస్తున్నాడు. అక్క తల దించుకుని ఇంజన్ ఆపేసింది. దిగుదామని కాలితో చెప్పులు తడిమింది. ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు.

వంగి చూసి, చాలాసేపు లేవలేదు.

"ఏమైందక్కా?"

"ఇది యాడ దాక్కుందో చూడు."

రెండో చెప్పు ఎక్సలేటర్ కిందికి దూరి ఇరుక్కుంది. బ్రేకు వేసినప్పుడు ముందుకు జారి, ఆ ఊపు తగ్గాక వెనక్కి వచ్చేదన్నమాట. సర్వీస్ వాళ్లు బూట్లతోనే నడిపారు, నావేమో డిక్కీలో ఉండేవి. ఇంక లోపం ఎవరికి దొరుకుతుంది?

అక్క రెండు చెప్పులూ డిక్కీలో పెట్టి వచ్చి, మళ్లీ తొక్కింది. బండి చివాలున లోపలికి దూకింది. వాచ్‌మన్ కూడా దూకాడు, పక్కకి. వినయ్ చుట్టూ ఒక చక్కరు కొట్టి ఆపింది.

"ఆంటీ, మరి బండి..."

"ఏమీ అనుకోకు నాయనా. అమ్మను. ఒకపూట వచ్చి అన్నం తినిపో."

తిరిగొస్తూ ఆ ఫ్లైఓవర్ మీదికే పోనిచ్చింది. ఈసారి బండి నీళ్లలా సాగిపోయింది. ఎదురొచ్చే ప్రతి లారీకీ అక్క ఒక చెయ్యెత్తి దండం పెడుతోంది.

"ఎవరికక్కా?"

"ఆ పొద్దు బ్రేకు తొక్కినాయన మొహం చూళ్లేదు కదరా. అందరికీ పెడితే ఆయనక్కూడా అందుతాది. నువ్వూ పెట్టు."

పెట్టాను. లారీలకు పెట్టానని అక్క అనుకుంది.