తీయకుండా వదిలిన పొర

గ్రాము కూడా తూగని ప్లాస్టిక్ పొర ఒకటి ఇరవై ఏళ్లుగా నా గుండెల మీద ఉంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను హిందూపురంలో కంప్యూటర్లు బిగించి అమ్మేవాణ్ణి. ధర్మవరం పట్టుచీరల షావుకారు ఒకాయన డిజైన్ల కోసం నా దగ్గర ఒకటి చేయించుకున్నాడు. దాని ముందు కూర్చుని బార్డర్లు, బుటాలు గీసేవాడు ఖాజా. తాడిమర్రి మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. అంతకుముందు గళ్ల కాగితం మీద చుక్కచుక్కా చేత్తో నింపినవాడు.

ఎండలు ముదరగానే ఆ మిషన్ ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. గీసిందంతా పోయేది. వేరేచోట చేరడానికి ఖాజానే కావాలని ఆపుతున్నాడని షావుకారు అనుమానం. తేల్చమని నన్ను పిలిపించాడు.

ఖాజా గళ్ల నోటుబుక్కు తెరిచాడు. లోపలి వేడి చూపే ప్రోగ్రాంలోని మూడు అంకెలూ గంటగంటకూ అందులో రాసిపెట్టుకున్నాడు.

"అన్నా, ఒకటి నలభై మూడు అంటాండాది, ఇంకోటి తొంభై ఒకటి అంటాండాది. ఏది నిజం?"

నాకు తెలియదు. అయినా నవ్వాను.

"ఆ మూడోది సూడప్పా, నూట ఇరవై ఏడంట! అదే నిజమైతే దీని మీద దోసెలు పోసుకుందుము. అన్నీ ఉత్త అంకెలు."

"మూడోది ఎప్పుడూ కదల్దన్నా. తొంభై ఒకటిదే ఎక్కుతా దిగుతా ఉండాది. అది ఎక్కినప్పుడే మిషన్ ఆగిపోతాండాది."

నేను పెట్టె మూత తీసి, ప్రాసెసర్ వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మె మీద షావుకారు చేయి పెట్టించాను.

"సల్లగా ఉండాది కదా షావుకారూ?"

"ఏమబ్బా ఖాజా, మిషన్ సల్లగానే ఉండాది. నీకే ఉడుకెక్కినట్టుండాది. రేపట్నుంచి రావద్దులే."

ఖాజా నావైపు చూశాడు. నేను మరలు బిగిస్తూ కూర్చున్నాను.

వారం తర్వాత, కొత్త మనిషి వచ్చేలోపు దుమ్ము దులపమంటే వెళ్లాను. దిమ్మె ఊడదీశాను. దాని అడుగున, ప్రాసెసర్‌కు తగిలేచోట, పల్చటి పొర. బిగించే ముందు ఒలిచి పారేయాల్సింది. మేము కొత్త స్కూటర్ సీటుకు కవరు తీయం, టీవీ రిమోటుకూ తీయం. ఆ రకం దిమ్మె నేను బిగించడం అదే మొదలు. అదీ అలాంటి కవరే అనుకున్నాను. వేడి ఆ పొర దాటి దిమ్మెలోకి ఎక్కలేదు. అందుకే పైన చల్లగా ఉంది, అందుకే లోపల కాగిపోయింది. నలభై మూడు బోర్డు వేడి, తొంభై ఒకటి ప్రాసెసర్ వేడి. నూట ఇరవై ఏడు, వేడి కొలిచేది ఏదీ తగిలించని చోట వచ్చే ఉత్త అంకె. నేను సాక్ష్యంగా చూపించిన ఆ చల్లదనమే జబ్బు.

అప్పుడైనా చెప్పవచ్చు కదా? షావుకారు పక్క గదిలోనే ఉన్నాడు. పొర ఒలిచి జేబులో వేసుకున్నాను. వేడిని దిమ్మెకు అందించే పేస్టు పూసి బిగించాను.

మిషన్ మళ్లీ ఆగలేదు. నన్ను ఇప్పటికీ కోసేది ఇదే. "వాడు పోయినాడు, మిషన్ బాగుపడింది" అని షావుకారు బజారంతా చెప్పాడు. నేను చేసిన మరమ్మతే ఖాజా మీది నేరాన్ని రుజువు చేసింది. ఆ ఊళ్లో ఇంకెవరూ అతణ్ణి కంప్యూటర్ ముట్టనివ్వలేదు.

రెండేళ్లకు పెనుకొండ బస్టాండులో కనిపించాడు. బస్సు కిటికీలకు మొక్కజొన్న కండెలు అందిస్తున్నాడు. నెమలి మెడలో ఏడు రంగులు నింపిన చేతులు. నేను కిటికీ అద్దం వేసుకున్నాను.

తెలియక చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పొర సంగతి తెలియదు, నిజమే. కానీ ఆ రోజు తెర మీద తొంభై ఒకటి తొంభై రెండు కావడం నా కళ్లతో నేనూ చూశాను. చూసి కూడా, పెద్దమనిషి ముందు "నాకు తెలియదు" అనే ఒక్క మాట అనలేక, ఒకడి బతుకు తీసి అవతల పెట్టాను.

షావుకారు ఇప్పుడు లేడు. ఖాజా ఎక్కడున్నాడో తెలియదు. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. అతను అడిగిన దానికి మాత్రం జవాబు రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

తొంభై ఒకటే నిజం, ఖాజా.