వేడి తెలియని వేలు

చపాతీలు కాలుస్తుంటే ముందు వాసన వచ్చింది. పిండి మాడిన వాసన కాదు. కిందికి చూసేసరికి నా ఎడమ చేతి చిటికెన వేలు పెనం అంచుకి ఆనుకుని ఉంది. చటుక్కున లాగేసుకున్నాను. వేలి పక్కన చర్మం ఉడికినట్టు తెల్లబడి, కాసేపటికి బొబ్బ లేచింది. నొప్పి మాత్రం లేదు.

ఇంకొకరైతే పోనీలే, మంట తెలియలేదు అనుకుని వెన్న రాసుకునేవారు. నేను స్టవ్ ఆపేసి, కుర్చీలో కూలబడి, ఆ బొబ్బని వేలితో నొక్కి చూశాను. ఎవరి వేలినో నొక్కినట్టుంది.

అమెరికా రాకముందు నేను కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుని. అక్కడ కొన్నేళ్లు కుష్ఠు వార్డులో పనిచేశాను. పెద్దరోగం అనేవాళ్లు బయటి జనం, అసలు పేరు పలకడానికి కూడా భయపడి. పొద్దున్నే మా మొదటి పని రోగుల చేతులూ కాళ్లూ చూడటం. ఎక్కడ కాలిందో, ఎక్కడ కోసుకుందో వాళ్లకి తెలియదు కాబట్టి మేమే వెతికేవాళ్లం. నొప్పి లేని బొబ్బ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పటికి కొన్ని నెలలుగా ఆ చిటికెన వేలూ, పక్కనున్న ఉంగరం వేల్లో సగమూ తిమ్మిరెక్కుతున్నాయి. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాననో, ఏసీ చలికనో సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు మాత్రం మోచెయ్యి మడిచి, లోపలి వైపు ఎముక వెనకాల కుడిచేతి వేళ్లు పెట్టి తడిమాను. అక్కడే నరం దొరుకుతుంది. అది లావెక్కిందేమో చూడటం వార్డులో మాకు మొదట నేర్పిన పాఠం. నా నరం తాడులా తగిలింది. రెండో మోచెయ్యి తడిమాను. అక్కడ సన్నటి దారం.

ఎనభైల మొదట్లో మాట ఇది. మేం ఇర్వింగ్ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ఒక కంపెనీలో ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసేవారు. నేను ఆస్పత్రిలో పగటి డ్యూటీ. మా పాప కిండర్‌గార్టెన్‌లో ఉంది. గ్రీన్ కార్డ్ ఇంకా చేతికి రాలేదు. వీసా మెడికల్‌లో ఈ జబ్బు గురించి ప్రత్యేకంగా అడిగి, చర్మం చూసి పంపిన సంగతి నాకు బాగా గుర్తు. ఇప్పుడిది బయటపడితే ఉద్యోగం ఉంచుతారా? దేశంలో ఉంచుతారా? పాప ఇక్కడి పౌరురాలు కదా, దాన్ని ఉంచి నన్ను పంపేస్తారా? అలా ఒక ఆలోచన వెనక ఇంకోటి వచ్చేది.

మా ఆయనకి చెప్పలేదు. బొబ్బ చూసి, "ఏంటది, కాల్చుకున్నావా?" అన్నారు.

"చిన్నదేనండీ."

"మంటగా ఉందా?"

"కొంచెం," అన్నాను.

అప్పటినుంచి బాత్రూమ్‌లో తలుపేసుకుని ఒళ్లంతా వెతుక్కోవడం మొదలుపెట్టాను. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఎక్కడైనా ఉందా అని, దూదిని పోగులా చేసి చర్మం మీద తాకించుకుని, కళ్లు మూసుకుని తెలుస్తోందా లేదా అని చూసుకునేదాన్ని. వీపు మీద ఎలా చూసుకోవాలి? అద్దంలోకి మెడ తిప్పి తిప్పి నొప్పెట్టేది. చర్మం మీది తెల్లటి చారలన్నీ ఆ మచ్చల్లాగే కనపడేవి. బయటినుంచి మా ఆయన తలుపు తట్టి, "ఆఫీస్‌కి లేట్ అవుతోంది, ఇంకెంతసేపు?" అనేవారు.

ఆ జబ్బు పళ్లేల వల్లా, గ్లాసుల వల్లా రాదని రోగుల బంధువులకి నేనే చెప్పేదాన్ని. ఎన్నోసార్లు చెప్పాను. అయినా నా గ్లాసు వేరుగా కడిగి, వేరుగా బోర్లించేదాన్ని. పాపకి తలంటడం మానేశాను. వాళ్ల నాన్నకి అప్పజెప్పాను.

"మమ్మీ, నువ్వే చెయ్యి. డాడీ కళ్లల్లో సోప్ పోస్తాడు," అని అది ఏడ్చేది.

"చెయ్యి నొప్పమ్మా," అనేదాన్ని. నొప్పే ఉంటే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

అప్పట్లో మాకు తెలుగు చర్చి అంటూ లేదు. నెలకోసారి దగ్గర్లోని ప్లేనో ఊళ్లో ఒక పెద్దాయన ఇంటి హాల్లో నాలుగైదు కుటుంబాలం కూడుకుని ఆరాధన చేసుకునేవాళ్లం. ప్రభు భోజనంలో ద్రాక్షరసం అందరికీ ఒకే గిన్నెలో ఇచ్చేవారు. రొట్టె విరిచి, గిన్నె చేతికి చేతికి అందించుకుంటూ తాగేవాళ్లం. ఆ నెల గిన్నె నా దగ్గరికి వచ్చినప్పుడు నేను అందుకోలేదు. తల అడ్డంగా ఊపాను. గిన్నె నన్ను దాటి మా ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన నావైపు ఒక్కసారి చూసి, తాగారు.

మా దాంట్లో ప్రభు బల్ల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకున్నారంటే ఒకటే అర్థం, ఏదో పాపం దాచుకున్నారని. భోజనాలు వడ్డించేటప్పుడు ఆ ఇంటి పెద్దావిడ నన్ను వంటింట్లోకి పిలిచారు.

"అమ్మాయ్, నీ మనసులో ఏదన్నా ఉంటే ప్రభువు దగ్గర ఒప్పేసుకో. దాచుకోకూడదు."

"ఏం లేదండీ. ఒంట్లో బాగాలేదు."

"ఒంట్లో బాగాలేనివాళ్లు గిన్నె వద్దనరమ్మా, ఇంకా ముందుకొస్తారు," అని నా ఎడమచెయ్యి పట్టుకోబోయారు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. తిరుగుప్రయాణంలో హైవే ఎక్కగానే మా ఆయన రేడియో సౌండ్ పెంచేశారు. నావల్ల ఏదో తప్పు జరిగిందనుకుంటున్నారని అర్థమైంది. అది కాదని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. ఊరుకున్నాను.

తర్వాతి వారంలో డ్యూటీలో మందు సీసా చేతిలోంచి జారి పగిలింది. ఎడమ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని, సూది గుచ్చబోతుండగా జారిపోయింది. అంతకుముందు రోజు కూడా అదే జరిగింది. హెడ్ నర్సు ఒక పొడుగాటి ఆవిడ. గాజుముక్కలు ఊడ్చడానికి సాయం చేసి, "నీ చేతికి ఏదో అయింది. డాక్టర్‌కి చూపించుకుని వస్తేనే మందుల గదిలోకి రానిస్తాను," అంది.

మొదట చూసిన డాక్టరు రెండు ప్రశ్నలడిగి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందన్నాడు. టైపిస్టులకీ నర్సులకీ మామూలేనట. మణికట్టుకి గట్టిపట్టీ ఇచ్చి పంపాడు. కానీ మణికట్టు దగ్గర నలిగే నరమైతే తిమ్మిరి బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు వైపు రావాలి. నాది చిటికెన వేలు. పైగా చేతి వెనకవైపు అంచు కూడా మొద్దుబారింది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇది అది కాదంటే, మరేది అని అడుగుతాడు. అందుకే పట్టీ కట్టుకుని తిరిగాను. కొన్ని వారాలకి ఆ రెండు వేళ్లూ చాపినా పూర్తిగా చాచుకోలేదు. కొసలు కొద్దిగా లోపలికి వంగాయి. వార్డులో కొంకర్లు పోయిన చేతులు ఎన్ని చూశానో! అవన్నీ మొదట ఇలాగే ఉండేవి.

ఇక హెడ్ నర్సే ఫోన్ చేసి, చేతుల స్పెషలిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆయన వయసు మళ్లిన మనిషి. తొందర లేదు. ముందు మణికట్టు పట్టీ విప్పి పక్కన పెట్టాడు. ఒక్కో చేత్తో బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక కాగితం పట్టుకోమని, రెండో కొస తను లాగాడు. కుడిచేతిలో కాగితం కదల్లేదు. ఎడమచేతిలో బొటనవేలు కణుపు దగ్గర వంగిపోయి, కాగితం జారిపోయింది. మోచెయ్యి పూర్తిగా మడిచి అలాగే ఉంచమన్నాడు. కాసేపటికే చిటికెన వేల్లో చీమలు పాకినట్టయింది. మోచేతి వెనక వేలితో తట్టితే కరెంటు కొట్టినట్టు జిల్లుమంది.

తర్వాత లేచి నిలబడి, అరచేతులు ముందుకి తిప్పి చేతులు వేలాడేయమన్నాడు. కుడిచెయ్యి దాదాపు తిన్నగా ఉంది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర్నుంచి బయటికి విరిచినట్టు పోయింది. పుట్టినప్పటినుంచీ అంతే అనుకుని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"చిన్నప్పుడు ఈ మోచెయ్యి విరిగిందా?"

విరిగింది. రెండో తరగతిలో స్కూలు పిట్టగోడ మీంచి పడ్డాను. ఊళ్లో కట్టు కట్టే ఆయన వెదురుబద్దలు పెట్టి కట్టాడు. అతుక్కుంది. ఆ సంగతే మర్చిపోయాను. "అవును," అంటూనే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న మాట బయటికొచ్చేసింది.

"డాక్టర్, ఇది లెప్రసీ కాదా?"

ఆయన నవ్వలేదు. లేచి తలుపు వేసి వచ్చి, నాకెదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వార్డు సంగతి, నరం సంగతి, బొబ్బ సంగతి అన్నీ విన్నాడు.

"నేను దాన్ని పుస్తకంలో తప్ప మనిషిలో చూడలేదు. మీరు చూశారు. ఎక్కడెక్కడ వెతకాలో చెప్పండి, కలిసి చూద్దాం," అన్నాడు.

మెడ పక్కన నరం, మోకాలి వెనక నరం, మణికట్లు చూపించాను. ఆయన ఓపిగ్గా తడిమాడు. ఏదీ లావుగా లేదు. ఆయన దగ్గరున్న నర్సు, నాకు కనపడని వీపంతా దూదితో తాకుతూ చూసింది. ప్రతి చోటా తెలిసింది. "నాకు తొంభై పాళ్లు ఇది పాత ఎముక వల్లే అనిపిస్తోంది. మిగతా పది పాళ్లు మీ నిద్ర కోసం," అని ఆ జబ్బు క్రిమి ఉందేమో చూడటానికి చెవితమ్మె నుంచి స్మియర్ తీయించి, మా ఆస్పత్రి ల్యాబ్‌కి కాకుండా వేరే ఊరికి పంపాడు. ఎక్స్‌రే, కరెంటు పెట్టి నరం వేగం చూసే పరీక్షా రాశాడు.

ఫలితం వచ్చేదాకా ఆగలేకపోయాను. మా ఆయన నన్ను ఆ నరం పరీక్షకి తీసుకెళ్తుంటే కార్‌లో చెప్పేశాను. ఆయన హైవే దిగి, ఒక కిరాణా షాపు పార్కింగ్‌లో కారాపారు.

"పాపకి?" అన్నారు. మొదటి మాట అదే.

"దానికేం లేదు. నాకూ ఉందో లేదో తెలియదు."

స్టీరింగ్ మీంచి చేతులు తీసి నావైపు తిరిగారు. "ఎవరైనా ఉన్నారేమో అనుకున్నా," అన్నారు. "నన్ను వదిలేసి వెళ్లిపోతావేమో అనుకున్నా. ప్లేనో నుంచి వచ్చినప్పటినుంచీ అదే."

ఒకే ఇంట్లో ఇద్దరం రెండు వేరే భయాలతో తిరిగాం. ఆయన కారు స్టార్ట్ చేసి, "పద, లేట్ అవుతుంది," అన్నారు. ఆ "పాపకి" అన్న మాట మాత్రం నాకు చాన్నాళ్లు గుచ్చుకుంది. నేనైనా అదే అడిగేదాన్నని తెలిసీ.

పరీక్షలో నరంలో కరెంటు మోచేతిదాకా బాగానే పరుగెత్తి, మోచేతి దగ్గర మందగించింది. ఎక్స్‌రేలో ఎముక వంకరగా అతుక్కున్నట్టు కనపడింది. చెయ్యి పెరిగేకొద్దీ మోచెయ్యి బయటికి వంగి, మడిచిన ప్రతిసారీ నరం సాగి, రాసుకుని, ఏళ్ల తరబడి వాచిందట. నా వేళ్లకి తాడులా తగిలింది ఆ వాపే. స్మియర్‌లో ఏమీ లేదని డాక్టరే స్వయంగా ఇంటికి ఫోన్ చేశాడు. రిసీవర్ పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డాను. సంతోషం కంటే ముందు నీరసం వచ్చింది. వార్డులోని ఆడవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. వాళ్లకి "ఏమీ లేదు" అని ఎవరూ ఫోన్ చేయలేదు.

ఆ వసంతంలో ఆపరేషన్ చేసి, నరాన్ని ఎముక వెనకనుంచి తీసి ముందువైపుకి మార్చారు. స్పర్శ అంగుళం అంగుళం చొప్పున నెమ్మదిగా కిందికి దిగింది. వేళ్లు ఏడాదికి తిన్నగా చాచుకున్నాయి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ కరిగి పడిన గుంట మాత్రం పూడలేదు. గట్టిగా బిగించిన మూతలు ఇప్పటికీ ఎడమచేత్తో తీయలేను. ఆపరేషన్ అయిన ఆ ఎండాకాలంలోనే మళ్లీ డ్యూటీలో చేరాను, పిల్లల వార్డులో.