కన్విక్షన్ ఉంది

ఒక్క ఇంగ్లీషు మాటతో ఒక మనిషిని జైలు గుమ్మం దాకా తీసుకెళ్లిన ఘనత నాది. తెలుగులో రాయవచ్చని తెలిసీ ఇంగ్లీషే ఎంచుకున్నాను.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది నన్ను ప్రొబేషన్ ఆఫీసరుగా భద్రాచలం వేశారు. తొలిసారి నేరం చేసినవాణ్ణి జైలుకు పంపాలా, మంచి నడవడికకు బాండు రాయించుకుని వదలాలా అన్నది మెజిస్ట్రేటు తేల్చే ముందు, ఆ ఊరెళ్లి విచారించి రిపోర్టు ఇవ్వడం మా పని.

చర్ల అవతలి పోడు రైతు ముత్తయ్య గట్టు తగాదాలో పొరుగువాడి చెయ్యి విరగ్గొట్టాడు. తనే అతన్ని దవాఖానాకు మోసుకెళ్లి, అటునుంచి అటే ఠాణాకు పోయి చెప్పుకున్నాడు. కోర్టులోనూ నేరం ఒప్పుకున్నాడు. నేను కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి. దేన్నయినా కొంత తగ్గించవచ్చనుకుంటాను.

"ముందు వాడే మీదికొచ్చిండని చెప్పు, శిక్ష తగ్గుతది," అన్నాను విచారణకు వాళ్ల ఊరెళ్లి.

"రాలే సారు. నేనే పోయిన. లేని మాట నాతోని కాదు."

అలాంటి మనిషిని నేనెన్నడూ చూడలేదు. ఆ అబ్బురంలో 'పూర్వ ప్రవర్తన' గడిలో 'హీ హాజ్ కన్విక్షన్' అని రాశాను. సత్యం మీద గట్టి నమ్మకం ఉన్నవాడని నా ఉద్దేశం. కోర్టులో ఆ మాటకు నేరం రుజువై శిక్ష పడటమని అర్థం. పాత శిక్ష ఉన్నవాడికి బాండు దొరకడం కష్టం.

"ఈ కన్విక్షన్ ఎప్పటిది?" అన్నారు మెజిస్ట్రేటు.

"చిన్నప్పటి నుంచీ ఉంది సార్," అన్నాను గర్వంగా.

"బాలల కోర్టును కూడా వదల్లేదన్నమాట," అన్నాడు ప్రభుత్వ వకీలు.

మెజిస్ట్రేటు ముత్తయ్యను అడిగారు, ఇంతకుముందు శిక్ష పడిందా అని.

"పడలే దొరా. సారు ఏం రాసిండో సారుకే ఎరుక."

అప్పుడు తెలిసింది నాకు. 'తప్పు దొర్లింది సార్' అని మాత్రం అనగలిగాను. వారంలోగా సరిచేసి ఇమ్మని వాయిదా వేశారు.

బయటికొచ్చాక ముత్తయ్యకు ఆ మాటకున్న రెండు అర్థాలూ చెప్పాను. టైపిస్టు పొరపాటని రాసిస్తాను, ఇద్దరం బయటపడతామన్నాను.

"అయితే మీరు అబద్ధం రాయలే గద సారు. మరి గిప్పుడెందుకు రాసుడు?"

ఎన్నో బేరాలు ఆడినవాణ్ణి, ఆ బేరం మానుకున్నాను. తప్పు నాదేననీ, ఆ మాటకు కోర్టులో ఉన్న అర్థం తట్టక రాశాననీ తెలుగులో రాసిచ్చాను. ముత్తయ్య బాండు మీద ఇంటికి పోయాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మనుషులు అన్న మాటను అన్నట్టే, వాళ్ల భాషలోనే రాశాను. ఆ ఇంగ్లీషు మాటకు అయిన ఖర్చు: నాకు పైఅధికారి నుంచి ఒక మెమో. ముత్తయ్యకు రెండోసారి చర్ల నుంచి రానుపోను బస్సు కిరాయి, పత్తి ఏరే రోజుల్లో ఒక రోజు. ఆ కిరాయి నేనిచ్చాను. ఆ రోజును తిరిగి ఇవ్వలేకపోయాను.