బందరు నర్సమ్మ మీద అనుమానం

నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదివే ఆ రోజుల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళంటే నాకు బొత్తిగా నమ్మకం ఉండేది కాదు. వంశపారంపర్య జబ్బుల పాఠం అప్పుడే అయింది మరి. ఎవరు దగ్గినా వాళ్ళ తాతముత్తాతల్ని అనుమానించేదాన్ని. (మా నాన్న బట్టతలని, తమ్ముడి జుట్టుని మార్చి మార్చి చూసినందుకు వాడు నెల రోజులు నాతో మాట్లాడలేదు.)

గుడివాడలో ఒక ఆసుపత్రిలో మాకు డ్యూటీలు వేశారు. ముదినేపల్లి వైపు చేపల చెరువుల మీద పనిచేసే పాతికేళ్ళాయన హెర్నియా ఆపరేషన్‌కి చేరాడు. వెంట వాళ్ళమ్మ. కుటుంబ వివరాలడిగి, మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా చొప్పున వంశవృక్షం గీయడం నా పని. నేను నోరు తెరవకముందే ఆవిడే అడిగింది, “మీదేవూరమ్మాయ్?” అని. “బందరండీ” అన్నాను. అంతే, ఆవిడ మొహం మాడిపోయింది. “మా వంశంలో తలనొప్పి కూడా ఎవరికీ లేదు, రాసుకో” అని అటు తిరిగి కూర్చుంది. కొడుకు మాత్రం హుషారుగా చెప్పుకుపోయాడు: “మా బావకి షుగరండీ, మావయ్యకి ఆయాసం, ఇంకో బావకి కీళ్ళనొప్పులు...” గీయగా గీయగా కాగితం మీద అందరికీ అందరితో మేనరికమే తేలింది! హడలిపోయి హెడ్ సిస్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వచ్చి, “ఏం బాబూ, ఎవరీ మావయ్య?” అని అడిగింది. “చెరువులకి మేత తెచ్చే లారీ డ్రైవరండీ.” బావల్లో ఒకాయనది టీకొట్టు, ఇంకొకాయన పాస్టరుగారబ్బాయి. వార్డంతా పగలబడి నవ్వింది, వాళ్ళమ్మ తప్ప.

ఆ నవ్వని మొహం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. సాయంత్రం కాగితం పక్కన పెట్టి, వరండాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. “నా మీద కోపమా పిన్నిగారూ?”

“మావాడికి సంబంధం కుదిరింది. ఆరా తీయమని నిన్ను ఆ ఆడపిల్లవారే పంపారు కదూ? వాళ్ళదీ బందరే.”

“దేవుడి తోడండీ, వాళ్ళెవరో కూడా నాకు తెలీదు! రేపు మీవాణ్ణి కోస్తారండీ. మీ పుట్టింటి వైపు ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగకపోవడం ఉందా?”

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మా తమ్ముడు పన్ను పీకించుకున్నాడు. రక్తం ఆగక పోయాడమ్మా. వీడికీ దెబ్బ తగిలితే ఒకంతట ఆగదు. చెబితే పిల్లనెవరిస్తారు?”

డాక్టరుగారు ఆపరేషన్ ఆపించారు. పరీక్ష చేస్తే రక్తం గడ్డకట్టడంలో లోపం బయటపడింది. పెద్దాసుపత్రికి పంపితే, అక్కడ ముందుగా మందెక్కించి కోశారు. క్షేమంగా ఇల్లు చేరాడు. ఆడపిల్లవారికి తనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడట.

నెల తిరక్కుండా పెళ్ళికూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. “మగపిల్లలకి రాదనీ, ఆడపిల్లల ద్వారా వాళ్ళ పిల్లలకి రావచ్చనీ డాక్టరుగారు చెప్పారండీ. అది సరే. ఇంత చెప్పారంటే ఇంకా పెద్దదేదో దాచారని మా నాన్నగారి అనుమానం. ఇంకేమన్నా ఉందాండీ?”

నేను చాలా గంభీరంగా ఆలోచించి, “గురక పెడతారండీ. అది ఎవరి వైపు నుంచి వచ్చిందో నేనింకా తేల్చలేదు” అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్ళి జరిగింది.

ఇప్పుడు అప్పటి నేను, ఆ ఇరవై ఒక్కేళ్ళ నర్సింగ్ పిల్ల, ఎదురైతే కూర్చోబెట్టి, ఇన్ని కాఫీ నీళ్ళు పోసి, “కాస్త ఊపిరి తీసుకోవే” అనాలనిపిస్తుంది. తను కాఫీ ముట్టుకోదు. నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంది.